లూజు ప్యాంటు, బీటు, అనంతపురం ఎండ

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ధర్మవరం నుంచి వచ్చి అనంతపురంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నావు. ఏడాదిగా హిప్‌హాప్, అంటే డ్రమ్ము బీటు మీద మాటలు లయగా పలికే (రాప్ చేసే) అమెరికా సంగీతం, వింటున్నావు. ఆ పాటగాళ్లలా లూజు ప్యాంటు, పెద్ద టీషర్టు వేసుకుని వెళితే కాలేజీలో "అమెరికా నకలు" అన్నారు, ఇంట్లో "మీ నాన్న పెళ్లినాటి ప్యాంటా ఇది?" అని నవ్వారు. పేరున్న షూ కొనే స్తోమత లేదు. మగ్గం మీద బతికే ఇంటి పిల్లవాడికి ఈ సరదా తగునా, తగితే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగావు.

నేను పదకొండేళ్లు రాయదుర్గం జీన్స్ యూనిట్లలో కటింగ్ మాస్టరుగా చేశాను. ఇప్పుడు అనంతపురంలో ఒక సందులో చిన్న ఆల్ట్రేషన్ కొట్టు నడుపుతున్నాను. ఈ సంగీతం మీద పిచ్చి 1994 నుంచి ఉంది. కాబట్టి కత్తెర పట్టినవాడిగా కొంత, చెవులు పారేసుకున్నవాడిగా కొంత చెబుతాను. వరసగా రాదు, ఓపిక పట్టు.

ముందు ఆ నకలు అన్న మాట తేల్చుకుందాం. హిప్‌హాప్ పుట్టినరోజుగా అందరూ చెప్పుకునేది 1973 ఆగస్టు 11. న్యూయార్క్‌లో బ్రాంక్స్ అనే పేదల ప్రాంతం, సెడ్జ్‌విక్ అవెన్యూలో 1520 నంబరు అపార్ట్‌మెంటు, అందులో అద్దెకున్నవాళ్లంతా వాడుకునే ఒక గది. సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయికి బడి తెరిచేలోపు కొత్త బట్టలు కావాలి. డబ్బు కోసం ఆ గదిలో డాన్సు పార్టీ పెట్టి టికెట్లు అమ్మింది. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50. పాటలు వేయడానికి అన్నను పెట్టుకుంది. జమైకాలో పుట్టి అక్కడికి వలస వచ్చిన ఆ అన్నే డీజే కూల్ హర్క్. అంటే ప్రపంచమంతా పాకిన ఈ సంగీతం ఒక చెల్లెలి బట్టల ఖర్చు దగ్గర మొదలైంది. పాట పవిత్రం, బట్టల మోజు దానికి తర్వాత పట్టిన తెగులు అని వాదించేవాళ్లకు నేను ఎప్పుడూ ఈ సంగతే చెబుతాను.

ఆ హర్క్ చేసిన పని కూడా నా కంటికి దర్జీ పనిలాగే కనిపిస్తుంది. రికార్డులో పాటంతా ఆగిపోయి డ్రమ్ములు మాత్రమే మోగే చిన్న ముక్క ఒకటి వస్తుంది. డాన్సు చేసేవాళ్లు ఆ ముక్క కోసమే కాచుకుని ఉన్నారని అతను కనిపెట్టాడు. ఒకే రికార్డు రెండు ప్రతులు తెచ్చి, రికార్డు తిప్పే రెండు యంత్రాల మీద పెట్టాడు. ఒకదానిలో ఆ ముక్క అయిపోగానే రెండోదానిలో అదే ముక్క అందుకునేది, ఈలోపు మొదటిదాన్ని వెనక్కి తిప్పుకునేవాడు. గుడ్డ చాలనప్పుడు అదే రంగు ముక్క తెచ్చి కుట్టు కనబడకుండా అతికి పొడవు పెంచుతాం చూడు, అదే పని.

ఈ కథ తెలియని రోజుల్లోనే నేను అదే పని చేశాను. నమ్మినా నమ్మకపోయినా నీ ఇష్టం. 1994లో మా మేనమామ టైలరు కొట్టులో కాజాలు తీసేవాణ్ణి. ఎదురుగా క్యాసెట్లు రికార్డు చేసే కొట్టు ఉండేది. చీటీ మీద పాటల పేర్లు రాసిస్తే ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించి ఇచ్చేవారు. 60 నిమిషాలదానికి ఒక ధర, 90దానికి ఒక ధర. గుంతకల్లు రైల్వే కాలనీలో ఉండే స్నేహితుడి అన్న ఒకసారి బొంబాయి నుంచి ఒక క్యాసెట్ తెచ్చాడు. అందులో ఒక్క మాట అర్థం కాలేదు. అయినా ఆ డ్రమ్ము కడుపులో తగిలింది. ఇంట్లో రెండు క్యాసెట్లు పట్టే టేప్ రికార్డర్ ఉండేది. డ్రమ్ము ఒంటరిగా మోగే ముక్క దగ్గర రికార్డు బటన్ నొక్కి, అయిపోగానే పాజ్ నొక్కి, వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టి, అలా ఒక రాత్రంతా కూర్చుని ఆ నాలుగు సెకన్లను మూడు నిమిషాలు చేశాను. పొద్దున మా నాన్న విని "టేపు చిక్కుకుంది, చూడు" అన్నారు. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, రెండు యంత్రాలు కొనలేని న్యూయార్క్ పిల్లలు కూడా పాజ్ బటన్‌తో సరిగ్గా ఇలాగే టేపులు తయారు చేసుకున్నారని. ఆ రోజు నేను ఎవరి నకలు చేశానో ఇప్పటికీ చెప్పలేను.

ఇక బట్టలు. ఆ బట్టల్లో ప్రతిదానికీ ఒక కారణం ఉంది. కారణం తెలిస్తే ఏది తెచ్చుకోవాలో, ఏది అక్కడే వదిలేయాలో నీకే తెలుస్తుంది.

వీధిలో అట్ట పరిచి వీపు మీద గిరగిరా తిరిగే బ్రేకింగ్ పిల్లలు నైలాన్ ట్రాక్ సూట్లు వేసుకున్నది అవి జారుతాయి కాబట్టి. పెద్ద పెద్ద ఉబ్బు జాకెట్లు, కూలి పనివాళ్లు తొడుక్కునే తోలు బూట్లు న్యూయార్క్ మంచుకు. ఆ జాకెట్‌ను మే నెలలో మన అనంతపురం సప్తగిరి సర్కిల్‌లో వేసుకుని తిరిగే కుర్రవాణ్ణి నేను కళ్లారా చూశాను. వాణ్ణి నకలు అంటే నేనేమీ అడ్డురాను. ఇంకో ముచ్చట, షూలకు అంగుళం వెడల్పు లేసులు. అవి మొదట్లో కొట్లో దొరికేవి కావు. మామూలు లేసులనే సాగదీసి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి వెడల్పు చేసుకునేవారు. గంజి పెట్టడం మన ఇళ్లల్లో ఎవరికి నేర్పాలి చెప్పు? అది చదివిన రోజు మా అమ్మకు చెప్పాను. "అమెరికాలో కూడా గంజి ఉంటుందా" అని ఆవిడ ఆశ్చర్యం.

లేసులే లేకుండా షూ వేసుకునే తీరు ఇంకో దారిలో వచ్చింది. జైల్లో లేసులు, బెల్టులు తీసేసుకుంటారు. ఆ ఛాయ వీధిలోకి వచ్చిందని చెబుతారు. రన్ డీఎంసీ అనే రాప్ బృందం అడిడాస్ కంపెనీ సూపర్‌స్టార్ షూను అలా లేసుల్లేకుండా వేసుకునేది. ఇవి జైలు బూట్లు, ఇవి వేసుకునేవాళ్లు చెడిపోయినవాళ్లు అని వాళ్ల ప్రాంతంలోనే ఒక డాక్టరు పాట కట్టి మరీ మందలించాడు. దానికి వీళ్లు ఎదురు పాట కట్టారు: ఈ షూతో మేము మంచి చోట్లకే నడిచాం అని. 1986లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే పెద్ద వేదికలో ఆ పాట పాడుతూ మీ షూలు పైకెత్తండి అంటే వేల మంది ఎత్తారు. అడిడాస్ కంపెనీ మనిషి అక్కడే నిలబడి చూశాడు, తర్వాత వాళ్లతో ఒప్పందం కుదిరింది. అసలు ఆ షూ 1969లో బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ల కోసం చేసింది. ఆటగాళ్ల షూను పాటగాళ్లు ఎత్తుకుపోయారు. పెద్దవాళ్లు నవ్వడం, మందలించడం అక్కడా జరిగిందే కాబట్టి మీ ఇంటి నవ్వుకు బెంగపడకు. ఆ నవ్వే పెద్దవాళ్ల 1970ల ఫోటోలు ఒకసారి తీయించు. రోడ్డు ఊడ్చే బెల్‌బాటమ్‌లు కనబడతాయి.

చెప్పొచ్చేది ఏమిటంటే, మన ఎండకు లూజు బట్టే సరైనది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఊళ్లో కాలికి, గుడ్డకు మధ్య గాలి ఆడాలి. పదిహేనేళ్లుగా మన కుర్రవాళ్లు చర్మానికి అతుక్కుపోయే సాగే జీన్స్‌లో ఉడికారు. నా కొట్టుకు ఆ కాలంలో వచ్చిన పనంతా ఒకటే, "అన్నా, బాటమ్ ఇంకా టైట్ చెయ్యి." పదమూడు అంగుళాల బాటమ్‌లోంచి మడమ దూరదు, కాలికి ప్లాస్టిక్ కవరు తొడిగి ఎక్కించుకునేవాళ్లు. దాన్ని ఎవరూ నకలు అనలేదు, అందరూ వేసుకున్నారు కాబట్టి.

లూజు ప్యాంటు అంటే పెద్ద నడుము ప్యాంటు అనుకుంటారు చాలామంది. నడుము 30 ఉన్నవాడు 36 కొని బెల్టు బిగిస్తే ముందు భాగం గోనెసంచి మూతి కట్టినట్టు ముడుచుకుంటుంది. నడుము నీ కొలతకే ఉండాలి. సీటు దగ్గర రెండు మూడు అంగుళాలు వదలాలి. తొడ నుంచి కిందికి దాదాపు తిన్నగా దిగాలి. మామూలు ఎత్తు కుర్రవాడికి మోకాలి చుట్టు 22, బాటమ్ 19 లేదా 20 అంగుళాలు సరిపోతాయి. పొడవు షూ మీద ఒక్క మడత పడేంత. రెండో మడత పడితే మడమ కింద నలిగి చిరుగుతుంది. గుడ్డ సంగతి ఇంకా ముఖ్యం. జీన్స్ కుట్టే డెనిమ్ గుడ్డ బరువును చదరపు గజానికి ఇన్ని ఔన్సులని లెక్క కడతారు. 14 ఔన్సులది కొత్తలో అట్టలా నిలబడుతుంది, చూడటానికి అద్భుతంగా ఉంటుంది, మన వేసవిలో మాత్రం శిక్ష. 8 నుంచి 10 ఔన్సుల మధ్య చూడు. లైక్రా కలిసిన సాగే గుడ్డ అసలు వద్దు. అది ఒంటికి అతుక్కోవడానికి నేసిన గుడ్డ, లూజుగా కోస్తే దిగకుండా వేలాడుతుంది.

టీషర్టు విషయంలోనూ ఇదే పొరపాటు చేస్తారు. రెండు సైజులు పెద్దది కొంటే మెడ జారుతుంది, పొడవు తొడలు దాటుతుంది, పిల్లవాడు అన్న చొక్కా వేసుకున్నట్టు ఉంటుంది. నువ్వు ఫోటోల్లో చూసేది వేరే కోత. అందులో భుజం కుట్టు చేతి మీదికి జారి ఉంటుంది, ఛాతీ వెడల్పు, చేతులు మోచేతి దాకా, పొడవు మాత్రం ప్యాంటు జేబుల దగ్గర ఆగుతుంది. మెడ పట్టీ మందంగా, బిగుతుగా ఉంటుంది. అలాంటిది దొరక్కపోతే మెడ చిన్నగా ఉన్న పెద్ద సైజు ఒకటి వెతికి, కింద మూడు అంగుళాలు కోసి మళ్లీ మడత కుట్టించుకో. అరవై రూపాయల పని. పల్చటి గుడ్డ మీద ఈ కోత నిలబడదు, చేత్తో పట్టుకుంటే కాస్త బరువు తెలియాలి.

రాయదుర్గం గురించి ఒక మాట. కళ్యాణదుర్గం మీదుగా బస్సెక్కితే రెండు మూడు గంటల్లో చేరతావు. పక్కనే బళ్లారి, జీన్స్‌కు దేశమంతా పేరు. ఆ పేరులో మన రాయదుర్గం వేళ్లకు కూడా వాటా ఉంది. రాయదుర్గంలో ఇంటింటా మిషన్లు ఉంటాయి. ఒకరు జేబులు, ఒకరు జిప్పు, ఒకరు నడుము పట్టీ, ఒకరు లూపులు. ఆడవాళ్లు వాకిట్లో కూర్చుని దారాలు కత్తిరిస్తుంటారు, పీసుకు ఇంత అని కూలి. నా వేళ్లు పదకొండేళ్లు నీలంగానే ఉన్నాయి. పెళ్లిచూపుల్లో కాఫీ గ్లాసు అందుకుంటే అమ్మాయి వాళ్ల నాన్న "ఇంకుతో పని చేస్తారా" అని అడిగారు. అక్కడ కుట్టిన ప్యాంటు ఊళ్లు తిరిగి, ఏదో ఇంగ్లీషు పేరున్న లేబులు తగిలించుకుని, మళ్లీ మన బజారుకే వస్తుంది. నీ మీద నవ్విన స్నేహితుడు దాన్ని ఫారిన్ సరుకు అనుకుని కొంటాడు. ఇంకా లోతుకు పోతే, రాగి రివెట్లు, అంటే చిన్న మేకులు, కొట్టిన జీన్స్‌కు 1873లో పేటెంటు వచ్చింది, ఆ ఆలోచన జేకబ్ డేవిస్ అనే ఒక దర్జీది. పనివాళ్ల జేబులు చిరిగిపోతున్నాయని అతను మూలల్లో రివెట్లు కొట్టాడు. పనివాళ్ల ముతక ప్యాంటును పిలిచే డంగరీ అనే మాటేమో మన ముంబయి డోంగ్రీ నుంచి పోయింది. తలకు కట్టే బందానా అనే మాట, గుడ్డకు ముడులు వేసి రంగద్దే మన బాంధనీ నుంచి పోయింది. ఎవరి బట్ట ఎవరిదో తేల్చడం మొదలుపెడితే సాయంత్రానికి ఎవరి ఒంటి మీదా ఏమీ మిగలదు.

నాకు ఈ మొత్తం చరిత్రలో పాటగాళ్లకన్నా ఇష్టమైన మనిషి ఒకడున్నాడు. దర్జీ కాబట్టి అనుకో. పేరు డాపర్ డాన్. న్యూయార్క్ హార్లెమ్‌లో 1982లో కొట్టు తెరిచాడు. పెద్ద పెద్ద ఫ్యాషన్ కంపెనీలు సంచుల మీద వేసుకునే గుర్తులను తోలు మీద తానే ముద్ర వేసుకోవడం నేర్చుకుని, ఆ కంపెనీలు కలలో కూడా కుట్టని జాకెట్లు, కోట్లు కుట్టాడు. రాపర్లు, బాక్సర్లు, జూదగాళ్లు అర్ధరాత్రి కూడా వచ్చేవారు. కొట్టు మూసేవాడు కాదు. ఆ కంపెనీలు దావాలు వేసి, దాడులు చేయించి 1992లో మూయించాయి. సరే, వాళ్ల గుర్తు వాళ్లది, చట్టం వాళ్ల వైపే ఉంది. కానీ కథ అక్కడ ఆగలేదు. 2017లో గూచీ అనే పెద్ద ఫ్యాషన్ కంపెనీ తన ప్రదర్శనలో ఒక జాకెట్ పెట్టింది. చేతులు ఉబ్బిన ఆ జాకెట్ 1989లో డాన్ ఒక పరుగుల క్రీడాకారిణికి కుట్టినదానికి అచ్చు గుద్దినట్టు ఉందని లోకమంతా గోల చేసింది. ఆ కంపెనీ అతనితో చేతులు కలిపింది, 2018లో హార్లెమ్‌లోనే అతని కుట్టుశాల మళ్లీ తెరుచుకుంది. ఎవరు ఎవరి నకలు? ఈ ప్రశ్న కాలేజీలో వాళ్లను అడిగి చూడు. ఒక్క గుర్తు పక్కన పెడితే అతని కోత నిఖార్సయినది. నేను ఆ ఫోటోలు పెద్దవి చేసి భుజం కుట్టు ఎలా వేశాడో గంటల తరబడి చూశాను. మా ఆవిడ మాత్రం "ఎవరాయన, మీకు చుట్టమా" అంటుంది.

ఇక్కడ నీకు ఒక హెచ్చరిక. మీ ఇంట్లో మగ్గం ఉంది కాబట్టి, ధర్మవరం పట్టు అంచు కోసి డెనిమ్ జాకెట్‌కు అతికించమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. చేయకు. నా దగ్గరికి అలాంటివి నాలుగైదు వచ్చాయి. బరువైన జరీ అంచు పక్కన ఉతికే డెనిమ్ పెడితే మొదటి ఉతుకులోనే డెనిమ్ ముడుచుకుంటుంది, అంచు ముడుచుకోదు, కుట్టంతా పాము పాకినట్టవుతుంది. పైగా నాన్న రోజులు లెక్కపెట్టి నేసింది కత్తిరించడానికి నాకు చేయి రాదు. మీ నాన్న దగ్గర నేర్చుకోదగింది వేరే ఉంది: ఏ రంగు పక్కన ఏ రంగు పెడితే రెండూ లేస్తాయి అన్నది. నీ ఒంటి మీద మూడు రంగులకు మించకుండా చూసుకోవడానికి అంతకన్నా మంచి బడి లేదు.

షూ గురించి తొందరగా ముగిస్తాను. దొంగ బ్రాండు కొనకు. నేను 1998లో బెంగళూరులో ఒక కొట్లో "ఒరిజినల్" అని మూడు వారాల కూలి పెట్టి కొన్న షూ, తిరుగు బస్సు దిగి వానలో నాలుగు అడుగులు వేసేసరికి నోరు తెరిచింది. పేరులేని మంచి తెల్ల క్యాన్వాస్ షూ ఒకటి కొనుక్కో, శుభ్రంగా ఉంచు. మన ఎర్రమట్టికి తెల్ల షూ అంటే పగ. తడి గుడ్డతో ఆ రోజు మట్టి ఆ రోజే తుడవాలి, పాత పళ్ల బ్రష్షుతో సబ్బు పెట్టాలి, నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో పెడితే పసుపెక్కుతుంది, జిగురు విడుతుంది. షూ పిచ్చి కొత్తదని నవ్వేవాళ్లకు కిర్రు చెప్పులు గుర్తు చెయ్యి. నడిస్తే నలుగురికీ వినబడేలా కిర్రుమనాలని ప్రత్యేకంగా కుట్టించుకున్న తాతలు మన ఊళ్లల్లో ఉన్నారు.

బట్ట గురించి ఇంత చెప్పాను గాని, నీ ప్రశ్నలో నాకు నచ్చింది చివర్లో దాదాపు సిగ్గుపడుతూ రాసిన వాక్యం: నువ్వే పాట రాయాలనుకుంటున్నావు. మరి అసలు సంగతి అదే కదా, ముందే చెప్పొద్దా.

చెవితో మొదలుపెట్టు. ఒక నెల మాటలు వదిలేసి డ్రమ్ము మాత్రమే విను. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టుకో. బరువు దెబ్బ ఒకటి దగ్గర, చురుకు దెబ్బ రెండు, నాలుగుల దగ్గర పడుతుంది. ఈ నాలుగు లెక్కలు కలిస్తే ఒక బారు. మామూలుగా ఒక చరణం పదహారు బార్లు. ఆ లోతైన, సాగే బరువు దెబ్బ చాలా పాటల్లో రోలాండ్ కంపెనీ 1980లో తెచ్చిన టీఆర్ 808 అనే యంత్రానిది. నిజం డ్రమ్ములా లేదని జనం కొనలేదు, మూడేళ్లకే తయారీ ఆపేశారు. అప్పుడది సెకండ్ హ్యాండులో చవకగా దొరికి, డబ్బులేని పిల్లల చేతికి వచ్చింది. ఆ మోత వింటే నాకు మన జిల్లా జాతర్లలో మోగే ఉరుములు అనే వాద్యాలు గుర్తొస్తాయి. చర్మం మీద పుల్ల రాసి లాగే ఆ శబ్దం కూడా చెవికన్నా ముందు ఛాతీకి తగులుతుంది. గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండుగకు ఎప్పుడైనా వెళ్లావా? అర్ధరాత్రి గుండం చుట్టూ తప్పెట్లు వాయిస్తుంటే నిలబడి విను. దరువు అంటే ఏమిటో ఏ పాఠమూ అంత బాగా చెప్పదు.

తెలుగులో రాప్ రాసేవాళ్లు చేసే పెద్ద తప్పు ఒకటుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. అందువల్ల అంత్యప్రాస ఊరికే దొరికిపోతుంది. "వాన వచ్చింది, మనసు మెచ్చింది, దారి నచ్చింది" అని వంద లైన్లు రాయవచ్చు, రాసినవాడు తప్ప ఎవరూ వినరు. ఇంగ్లీషువాడికి ప్రాస దొరకడం కష్టం, అందుకే దొరికినప్పుడు రుచి. మనకు రుచి ఉన్నది లోపల. పద్యం చదివిన రోజుల్లో ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం అని మాస్టారు చెప్పారే, అది బీటు మీద ఎంత బాగా కూర్చుంటుందో ప్రయత్నించి చూడు. "గడ్డ మీద ఎండ దెబ్బ, గొంతులోన తడి లేదు, అడ్డపంచె తాత నవ్వు, ఆ నవ్వుకు సడి లేదు." ఇది నేను కాజాలు తీస్తూ కట్టింది, గొప్ప కవిత్వమేమీ కాదు. కానీ గడ్డ, దెబ్బ, అడ్డ అన్న ఒత్తులు చురుకు దెబ్బ మీద పడితే వచ్చే బలం చూడు. మన మాటలు చాలావరకు అచ్చులతో ముగిసి సాగుతుంటాయి కాబట్టి ఇలాంటి ద్విత్వాలే మనకు మేకులు. రాపర్లు పాటలో తమ పేరు తామే చెప్పుకోవడం చూసి కొందరు గర్వం అంటారు. కదిరి దగ్గర కటారుపల్లిలో సమాధి ఉన్న వేమన తన పద్యాల చివర ఏం చేశాడని అడుగు.

భాష ఏది వాడాలన్న సందేహం వద్దు. నీ ఇంటి మాటలే వాడు, నీ యాసలోనే పాడు. పాటకు ఇక్కడ నేను రాస్తున్న ఈ పుస్తకాల తెలుగు అక్కర్లేదు. 1995లో న్యూయార్క్‌లో ఒక అవార్డుల సభ జరిగింది. హిప్‌హాప్ అంటే న్యూయార్క్, కాదంటే లాస్ ఏంజెలెస్ అనుకునే కాలం. అమెరికా దక్షిణాదిన అట్లాంటా నుంచి వచ్చిన ఔట్‌కాస్ట్ అనే ఇద్దరు కుర్రవాళ్లకు బహుమతి ప్రకటిస్తే సభ ఈసడించింది. వాళ్లలో ఆండ్రే అనేవాడు మైకు ముందు నిలబడి, దక్షిణాదికీ చెప్పుకోవడానికి ఒక మాట ఉందని రెండు ముక్కల్లో చెప్పి దిగిపోయాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆ సంగీతాన్ని నడిపింది అట్లాంటానే. వాళ్లు న్యూయార్క్ ఉచ్చారణ అరువు తెచ్చుకోలేదు, తమ సాగదీసే పలుకుతోనే పాడారు. మనకు దీంట్లో ఇంకో చిక్కు ఉంది. సీమ యాస అనగానే సినిమా మనకు సుమోలు, బాంబులు, తొడగొట్టడం చేతికిచ్చింది. సీమ నుంచి రాప్ అంటూ కుర్రవాళ్లు తీసే వీడియోల్లో సగం ఆ సినిమానే మళ్లీ తీస్తున్నారు. నిజంగా నకలు అంటే నా దృష్టిలో అదీ. వేరుశనగ కాయ ఎండిపోవడం, బోరు వేయి అడుగులు దాటినా దుమ్మే రావడం, బెంగళూరు బస్సులో నిలబడి పనికి వెళ్లడం, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకున్న నాన్న, ఇవన్నీ ఎవరూ పాడకుండా ఉన్నాయి.

తీసుకోకూడనివి కూడా చెప్పాలి. ఆ పాటల్లో నల్లజాతివాళ్లు ఒకరినొకరు పిలుచుకునే ఒక మాట తరచు వినబడుతుంది. అది బానిసలను పిలిచిన మాట. వాళ్ల నోట అది వాళ్ల హక్కు. నీ నోట రానివ్వకు, పాటతో కలిపి పాడేటప్పుడు కూడా. మన దగ్గర కులం పేరుతో వేసే తిట్లు ఉన్నాయి కదా, బయటివాడు వచ్చి సరదాగా వాటితో పాడితే ఎలా ఉంటుందో ఊహించుకుంటే చాలు. అలాగే కొన్ని రంగుల బందానాలు అక్కడ ముఠాల గుర్తులు, వాటి మీద ప్రాణాలు పోయాయి. తెలియక కట్టుకుంటే ఇక్కడ ఎవరూ ఏమీ అనరు గాని, తెలిశాక కట్టుకోవడం నాకు బాగుండదు. మిగతాదంతా పంచుకునేదే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రేకింగ్ మొదటిసారి పెట్టినప్పుడు ఆడపిల్లల బంగారు పతకం జపాన్ అమ్మాయికి, మగపిల్లలది కెనడా అబ్బాయికి వెళ్లింది. బ్రాంక్స్ వాళ్లు దాన్ని నకలు అనలేదు.

ఖర్చు విషయానికి వస్తే ఈ నెల నువ్వు కొనవలసింది ఏమీ లేదు. ఫోనులో బీటు కట్టుకునే ఉచిత యాప్‌లు ఉన్నాయి. ఇక ప్యాంటు. ఇంట్లో "మీ నాన్న పెళ్లినాటి ప్యాంటా" అని నవ్వారు కదా. మీ నాన్నదీ నా వయసే అయి ఉంటుంది. మా కాలంలో పెళ్లి ప్యాంటు అంటే నడుము దగ్గర మడతలు పెట్టి, తొడ దగ్గర పంచెకట్టులా వదులుగా, మంచి గుడ్డతో కుట్టిన బ్యాగీ. అలాంటివి వందలు కుట్టిన చేతులు ఇవి. అమ్మనడిగి పెట్టె తెరిపించు. పురుగు కొట్టకుండా ఉంటే తీసుకురా, నడుము పట్టుకుని బాటమ్ ఒక్కటి సరిచేస్తే చాలు. ముందు నాన్ననడిగే తీసుకురా. ఆదివారం కొట్టు ఉండదు.